ఉడుమలైపేటలో నా కంచం

మా ఆయనకీ నాకూ పోట్లాట వస్తే ఒకప్పుడు అది ఒకే మాటతో ముగిసేది. "అయితే మీ పుట్టింటికి పో" అనేవాడు. నేను నిజంగానే సంచి సర్దుకుని చిలకలూరిపేట బస్సెక్కేదాన్ని. అమ్మ తలుపు తీసి, నా మొహం చూసి, ఏమీ అడగకుండా అన్నానికి ఎసరు పెట్టేది. రెండో రోజు సాయంత్రానికి ఆయనే వచ్చి, అమ్మ చేతి పులుసు పోసుకుని మారు అన్నం తిని, నన్ను తీసుకుపోయేవాడు. ఇరవై ఏళ్ళు ఇలాగే గడిచాయి.

అమ్మ పోయాక పోట్లాటలు ఆగలేదు గానీ ఆ మాట ఆగిపోయింది. కోపంలో "అయితే మీ..." అని మొదలుపెట్టి, ఏదో గుర్తొచ్చి, మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. అది ఆయన మంచితనమే. కానీ తిట్టి ఉంటే నాకు అంత బాధ ఉండేది కాదు. నాకు అన్నదమ్ములు లేరు. నాన్న నా చిన్నప్పుడే పోయాడు. అమ్మ ఉన్న రెండు గదుల అద్దె వాటాలో ఇప్పుడు ఎవరో కుట్టుమిషన్లు పెట్టుకున్నారు. అలిగి వెళ్ళడానికి నాకు ఎక్కడా ఒక గుమ్మం లేదు. ఆయన నీళ్ళ కోసం లేచినప్పుడల్లా ఆ సంగతి కొత్తగా తెలిసేది.

ఇది ముందే చెప్పకపోతే, ఎక్కడో తమిళనాడులో, ఉడుమలైపేటలో ఉన్న ఒక స్టీలు కంచం గురించి ఇంత ఎందుకు రాస్తున్నానో మీకు అర్థం కాదు.

గుంటూరులో ఒక జిన్నింగు మిల్లులో నాది పత్తి నాణ్యత చూసే ఉద్యోగం. మా దూది మూటలు, అంటే బేళ్ళు, చాలావరకు కోయంబత్తూరు చుట్టుపక్కల నూలు మిల్లులకు వెళతాయి. అక్కడ ఎవరికైనా మా దూది నచ్చకపోతే, నేను వెళ్ళి చూసి వాళ్ళ మాట నిజమో మా మాట నిజమో తేల్చాలి. గుప్పెడు దూది తీసి రెండు చేతుల బొటనవేళ్ళ మధ్య లాగి, మళ్ళీ పేర్చి, మళ్ళీ లాగితే చివరికి వేళ్ళ మధ్య సన్నటి పింజ మిగులుతుంది. దాని పొడవు చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఇప్పుడు అన్నిటికీ మిషన్లు వచ్చాయి. కానీ మిషను చెప్పిన లెక్క నమ్మే ముందు అందరూ ఒకసారి వేళ్ళతో లాగి చూసుకుంటారు, నేనైనా అంతే.

ఈ పని మీద చాలా ఊళ్ళు తిరిగాను. తిన్నది మాత్రం హోటళ్ళలోనే, గోడవైపు మొహం పెట్టుకుని. ఒకరింట్లో తినకపోవడం నాకు నియమం. నాన్న పోయిన కొత్తలో చుట్టాలింట్లో భోంచేస్తుంటే, "పాపం, పిల్లకి బాగా ఆకలిగా ఉన్నట్టుంది" అని ఒకావిడ పక్కావిడతో అంది. మంచి మనసుతోనే అందేమో. నాకు తొమ్మిదేళ్ళు. ఆ రోజు కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచాను. అప్పట్నుంచీ ఎవరు తినమన్నా "ఇప్పుడే తిన్నానండీ" అనే మాట నా నోట్లో తయారుగా ఉంటుంది. సంచిలో అటుకుల పొట్లం, చిన్న సీసాలో ఆవకాయ కూడా తయారుగా ఉంటాయి. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడ దీన్ని పొగరు అంటుంది. నేనూ కాదనను.

కిందటేడు చలికాలం చివర్లో ఉడుమలైపేట మిల్లు నుంచి కబురొచ్చింది. మేము పంపిన సరుకులో ఆకు ముక్కలు ఎక్కువున్నాయని, పింజ పొడవు తక్కువుందని. సోమవారం తెల్లారాక కోయంబత్తూరు పక్క పోదనూరులో రైలు దిగాను. స్టేషను పక్క రైల్వే కాలనీలో ఆడవాళ్ళు వాకిళ్ళు ఊడ్చి ముగ్గులు వేస్తున్నారు. అక్కడే టీ తాగి, పొల్లాచ్చి మీదుగా బస్సు పట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే కొబ్బరి తోటలు, వాటి మధ్య చిన్న చిన్న మిల్లుల రేకుల కప్పులు, మళ్ళీ కొబ్బరి తోటలు.

ఆ మిల్లులో పత్తి ఎంచే ఆయన్ని సెలెక్టరు అంటారు. యాభై అయిదేళ్ళుంటాయి. తెల్ల చొక్కా, మోకాళ్ళ దాకా మడిచి కట్టిన పంచె, తక్కువ మాట. నేను బేలు లోంచి దూది లాగితే ఆయనా లాగేవాడు. ఇద్దరం ఎవరి పింజ వాళ్ళు చూసుకుని, ఏమీ అనకుండా పక్కన పెట్టేవాళ్ళం. మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన మొదటిసారి పనికి సంబంధం లేని మాట మాట్లాడాడు, అదీ తెలుగులో. తరాల కిందట అటు వెళ్ళి స్థిరపడినవాళ్ళ తెలుగు అది, నొక్కి చెప్పాల్సిన చోటల్లా తమిళపు "దా" పడుతుంది.

"క్యాంటీను ఈ పొద్దు లీవు. వంటాయన ఊరికి పోయిండాడు. మా ఇంటికి రాండి, పక్కనే దా."

"ఇప్పుడే తిన్నానండీ," అన్నాను.

"యాడ తిన్నారు? పొద్దున్నుంచి నా ఎదురుగానే గదా నిలబడుకోనుండారు."

నా నియమం చరిత్రలో ఇలా అడ్డంగా దొరికిపోవడం అదే మొదలు. అటుకులు సంచిలో ఉన్నాయని చెప్పడానికి కూడా మొహం చెల్లలేదు.

ఇల్లు మిల్లు గోడ వెనకే. తిన్నె మీద ఆయన తల్లి కూర్చుని అనపకాయలు ఒలుస్తోంది. ఎనభై దాటిన మనిషి, చెవులకు బరువైన కమ్మలు, చూపు మాత్రం నా కంటే చురుకు. నన్ను కాళ్ళ నుంచి తల దాకా చూసి కొడుకుని అడిగింది.

"ఎవురు ఈమె?"

"గుంటూరు నుంచి వచ్చిండారమ్మా, పత్తి చూసేదానికి. తెలుగువాళ్ళు."

"తెలుగంటే ఏ తెలుగు? ఏమ్మా, మీ ఇంటిపేరేంది?"

నాకు ఒళ్ళు మండింది. ఇంటిపేరు అడగడమంటే ఏమి అడగడమో నాకు తెలుసు. గుంటూరులో అద్దె ఇల్లు చూడబోయినా ముందు అదే అడుగుతారు. ఎండన పడి వచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వకముందే ఈ విచారణ ఏమిటనుకున్నాను. ఆధార్ కార్డులో ఏముందో అదే పొడిగా చెప్పేశాను.

పెద్దావిడ మొహం వెలిగింది. "మా చిన్నాడబిడ్డని ఇచ్చింది ఆ ఇంటికే గదా, పల్లడం పక్కల. అట్లంటే నాకు మేనకోడలు వరస అవుతావు. అత్తా అని పిలువు." తర్వాత కొడుకు వైపు తిరిగి, "నీకు మరదలురా," అంది.

అంతే. ఆ ఒక్క మాటతో పొద్దున్నుంచీ పెదవి విప్పని మనిషికి మాటలొచ్చేశాయి. ఒక వరస దొరికితే దానికి తగ్గ మాటలు, నవ్వులు, చనువు అన్నీ ఒకేసారి వచ్చేస్తాయని నేను అక్కడే చూశాను.

"మరదలా, మీ గుంటూరు పత్తిల ఆకు జాస్తి, నీ మాటల కారం జాస్తి," అన్నాడు.

నాకు నవ్వు రాలేదు. అంటే, వచ్చింది, ఆపుకున్నాను.

ముందు గదిలో చాప వేసి, అరిటాకు పరిచి, నాకొక్కదానికే ముందు వడ్డించారు. ఉలవపప్పు, నెయ్యి, కొబ్బరి దండిగా వేసిన సొరకాయ కూర, పుంటికూర ఎనిపినది. పుంటికూర అంటే మన గోంగూరే, ఎనపడమంటే మెత్తగా మెదపడం. కారం లేక నా నాలుకకి పసిపిల్లల తిండిలా అనిపించింది, అయినా రెండుసార్లు వేయించుకున్నాను. సెలెక్టరు భార్య వడ్డిస్తూ నన్ను "చెల్లీ" అంది. భర్తకి మరదలైతే తనకి చెల్లెలే కదా. చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళితే వెనకే వచ్చి, చెంబుతో నీళ్ళు పోస్తూ మనసులో ఉన్నదంతా చెప్పేసింది.

"ముప్పై ఏండ్లయింది చెల్లీ నేను ఈ ఇంటికొచ్చి. ఇంకా కొళంబుకి చింతపండు ఎంత పోయాలో మీ అత్తనే దా సెప్పాల. ఉప్పు డబ్బా ఆమె పక్కన దా ఉంటుంది. మీ బావ ఉండారే, అమ్మ ముందర నోరు తెరవరు."

కొళంబంటే మన పులుసే. గంట క్రితం దాకా నేనెవరో తెలియని మనిషి. నేను తల ఊపుతూ విన్నాను. మొహమాటం కొద్దీ విన్నానని చెప్పుకోవచ్చు గానీ, నిజానికి ఇష్టంగా విన్నాను.

వాళ్ళ ఇంటిపేరేమిటని నేను మాత్రం తిరిగి అడగలేదు. అడిగితే చుట్టరికం ఒప్పుకున్నట్టవుతుందని. తిన్నాను, దణ్ణం పెట్టాను, వచ్చేశాను. కొత్త సరుకు శుక్రవారం దిగుతుందన్నారు. ఈలోగా మదురైలో ఇంకో మిల్లు పని ఉంది. పళని మీదుగా బస్సెక్కి కూర్చున్నాక, "మరదలా" అన్న పిలుపు రెండు మూడుసార్లు గుర్తొచ్చింది. నన్ను అలా పిలిచేవాళ్ళు ఎవరూ లేరు. నాన్న వైపు వాళ్ళు మమ్మల్ని ఎప్పుడో మర్చిపోయారు.

మదురైలో పాత్రల కొట్లున్న ఒక పాత వీధిలో, వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబాలు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. అందులో ఒక ఇంట్లో, సరుకు కొనడానికి వచ్చినవాళ్ళకి ఇంటావిడే మధ్యాహ్నం భోజనం పెడుతుందని లాడ్జి వాళ్ళు చెప్పారు. అది ఇల్లే కానీ బల్లలు వేసి ఉన్నాయి కాబట్టి నా నియమానికి పెద్దగా దెబ్బ తగలదని వెళ్ళాను. ఇంటావిడకి అరవై దాటాయి. పసుపు రాసుకున్న పాదాలతో గదంతా తిరుగుతూ, ఒకరితో తమిళం, ఒకరితో తెలుగు, ఇద్దరితోనూ అదే దబాయింపు. నా యాస విని దగ్గరికొచ్చి రసం పోస్తూ అడిగింది.

"మీ ఇంటిపేరేందమ్మా? పుట్టింటిది సెప్పు, మెట్టింది వద్దు."

"రెండింటికీ తేడా ఏముందండీ?" అన్నాను. "మాకు పెళ్ళితో మారిపోతుంది కదా."

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టి నా ఎదురుగా కూర్చుంది. "మీకు కాగితంల మారుతుందేమో. మా కాగితంల ఇంటిపేరే ఉండదమ్మా. స్కూల్ల చదివేది తమిళం. పేరు ముందర అప్పా పేరుది ఒక అక్షరం, పెండ్లయితే మొగుడుది ఒక అక్షరం, అంత దా. ఇంటిపేరు యాడా రాసేది లేదు. నోట్ల దా పెట్టుకోనుండాము, సమ్మంధం కలిపేదానికి, ఎవురు అన్న ఎవురు బావ అని తెలిసేదానికి. ఆడదాన్ని ఇంటిపేరు అడిగితే పుట్టిన ఇల్లు ఏదని దా అర్థం. మొగుని ఇల్లు సెప్తే మీ ఆయన్నే అన్నా అనాల్సొస్తుంది."

చుట్టుపక్కల తింటున్నవాళ్ళు నవ్వారు. నా చెయ్యి రసంలోనే ఆగిపోయింది.

ఉడుమలైపేటలో నేను చెప్పింది మా ఆయన ఇంటిపేరు. ఆ పెద్దావిడ అడిగింది మా నాన్నది. అంటే ఆ మేనకోడలూ నేను కాదు, ఆ మరదలూ నేను కాదు. తప్పుడు లేబులు అంటించిన బేలు ఒకటి వాళ్ళ ముందు గదిలో కూర్చుని, రెండుసార్లు పుంటికూర వేయించుకుని, ఇంటి కోడలి కష్టాలు కూడా విని వచ్చింది.

నా మొహం చూసి ఆవిడ ఏమనుకుందో, లోపలికి వెళ్ళి ఒక గుత్తి ద్రాక్షపళ్ళు తెచ్చి ఆకు పక్కన పెట్టింది. నల్లటివి, గింజలున్నవి. "చిన్నమనూరువి. మా పుట్టిల్లు అక్కడ దా. అన్న లేడు ఇప్పుడు, అన్న కొడుకు ప్రతి కోతకీ బస్సుల వేసి పంపిస్తాడు. అత్తకి పోవాలని వానికి ఎవురూ సెప్పేది లేదు, వాడే పంపిస్తాడు," అంది. ఆ మాట అంటున్నప్పుడు అంత దబాయింపు మనిషీ చిన్నపిల్ల అయిపోయింది. నాకు అసూయ కలిగింది. దాచడమెందుకు, అరవై ఏళ్ళ మనిషి ద్రాక్షపళ్ళు చూసి నాకు ఏడుపొచ్చేంత అసూయ కలిగింది. పళ్ళు మాత్రం ఒక్కటీ మిగల్చకుండా తిన్నాను. ఇప్పుడే తిన్నానండీ అనడం గుర్తుకే రాలేదు.

తర్వాత రెండు రోజులు మదురై మిల్లులో పింజ లాగుతున్నా అదే ఆలోచన. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. శుక్రవారం పని చూసుకుని, భోజనం వేళకి ముందే బస్సెక్కేస్తే సరిపోతుంది. చెబితే ఆ వరస పోతుంది. వరస పోతే ఆ ఇంట్లో నేనెవరిని? మళ్ళీ ఇప్పుడే తిన్నానండీ అనే మనిషినే. అమ్మ పోయిన రెండేళ్ళకి ఎవరో నన్ను ఒక ఇంటి మనిషిగా లెక్క కట్టారు, అది తప్పు లెక్కయినా సరే వదులుకోవాలనిపించలేదు. కానీ ఒక పెద్ద మనిషి నన్ను నమ్మి కొడుక్కి మరదలినని చెప్పింది. సరుకు విషయంలో ఒప్పుకోని పని నా విషయంలో ఎలా చేస్తాను? చెప్పేద్దామనే అనుకున్నాను.

శుక్రవారం ముందు పని తేల్చేశాం. రెండు బేళ్ళ విషయంలో సెలెక్టరు చెప్పిందే నిజం, మిగతా వాటిలో నా మాట నిలిచింది. ఇద్దరం కాగితం మీద సంతకాలు పెట్టాం. "పద మరదలా, మీ అత్త ఎదురు సూస్తుంటుంది," అన్నాడాయన. వెళ్ళేసరికి ముందు గదిలో ఆకు పరిచి, నీళ్ళు చల్లి ఉంది. నేను కూర్చోలేదు.

"అత్తా, ఒక పొరపాటు జరిగింది," అన్నాను. "ఆ రోజు నేను చెప్పింది మా ఆయన ఇంటిపేరు. మాకు పెళ్ళయితే అదే రాస్తారు. మీరు అడిగింది పుట్టింటిదని నాకు మదురై వెళ్ళాక తెలిసింది. మీకు నేను మేనకోడలిని కాను. ఏమీ అనుకోకండి."

సెలెక్టరు చేతిలో మంచినీళ్ళ చెంబు, ఆయన భార్య వంటింటి గుమ్మంలో. పెద్దావిడ నన్నే చూస్తోంది.

"మరి నువ్వు పుట్టింది ఏ ఇంట్ల?"

చెప్పాను. అమ్మ పోయాక ఆ పేరు పైకి అనడం అదే మొదటిసారి.

"ఇంగొక తూరి సెప్పు."

మళ్ళీ చెప్పాను.

పెద్దావిడ గోడ పట్టుకుని లేచి నిలబడింది. కొడుకుతో నెమ్మదిగా అంది. "వింటివా? అది మన ఇంటిపేరు. ఈ బిడ్డ నీ చెల్లెలు."

ఆయన చెంబు కింద పెట్టాడు. మోకాళ్ళ దాకా మడిచి కట్టిన పంచెని రెండు చేతులతో కిందికి దించి, పాదాల దాకా జారవిడిచి, సర్దుకుని నిలబడ్డాడు. ఆ వైపు మగవాళ్ళు మర్యాద చూపాల్సిన మనిషి ముందు చేసే పని అది. "మన్నించుమ్మా. తెలీక ఏమేమో అనేసినాను," అన్నాడు. చెవులు ఎర్రగా అయిపోయాయి.

గుమ్మంలోంచి ఆయన భార్య నా వైపు భయంగా చూసింది. "అయ్యో, ఆడబిడ్డవా నువ్వు? నేను అన్నీ సెప్పేసినానే."

"ఏం సెప్పినావు?" అంది పెద్దావిడ.

"ఏమీ లేదు అత్తా, వంట సంగతే," అన్నాను. ఆడబిడ్డగా నేను చేసిన మొదటి పని ఆ అబద్ధం.

"అత్త కాదు. మీ నాయన మా ఇంటివాడయితే నేను నీకు పెద్దమ్మను."

పెద్దమ్మా అన్నాను. అందులో అమ్మ అన్న మాట ఉంది కదా, ఇంకోసారి అన్నాను.

వాళ్ళ పెద్దలు ఇటువైపు వచ్చి కొన్ని వందల ఏళ్ళయింది. వాళ్ళెక్కడ, మా నాన్న ఎక్కడ. ఒకే ఇంటిపేరు ఉన్నంత మాత్రాన ఒకే రక్తమని ఏ మిషనూ చెప్పదు. ఇంటిపేరుతో పాటు కులం కూడా గుమ్మం దాటి లోపలికొస్తుందని, అది కుదరనివాళ్ళకి ఈ తలుపు ఇలా తెరుచుకోదని కూడా నాకు తెలుసు. ఇవన్నీ తర్వాత రైల్లో ఆలోచించాను. ఆ గదిలో మాత్రం నేను ఏ తర్కమూ చెయ్యలేదు. చెయ్యనందుకు ఈ రోజుకీ విచారం లేదు.

"ఆ ఆకు ఎత్తెయ్," అంది పెద్దమ్మ కోడలితో. "ఆకు వచ్చిపోయే సుట్టాలకి దా. ఈ బిడ్డకి కంచం తీసుకోని రా."

నన్ను ముందు గదిలో కూర్చోనివ్వలేదు. వంటింట్లోకి తీసుకెళ్ళి పీట వేసింది. ఇంట్లోవాళ్ళు రోజూ తినే స్టీలు కంచాల్లో ఒకటి నా చేతికిచ్చి, గిన్నెల మూతలు చూపించింది. "నీకేం కావాలో నువ్వే పెట్టుకో. పుట్టింట్ల ఎవురన్నా వడ్డిస్తారా?" అంది.

పరాయి ఇంట్లో గిన్నె మూత తీయడం నా జన్మలో చెయ్యని పని. మూత పట్టుకుని కాసేపు అలాగే ఉండిపోయాను. తర్వాత తీశాను. మళ్ళీ పుంటికూరే. నేను రెండుసార్లు వేయించుకున్నానని గుర్తుపెట్టుకుని చేశారట. ఒక ముద్ద తిని, "ఉప్పు కొంచెం తక్కువైంది వదినా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

వదిన అత్తగారి పక్కనున్న ఉప్పు డబ్బా వైపు చూసి, నా వైపు చూసి, "సూస్తిరా, ఆడబిడ్డ పని అప్పుడే మొదలుపెట్టింది," అంది. పెద్దమ్మ డబ్బా నా వైపు జరిపింది. ముప్పై ఏళ్ళుగా చోటు కదలని డబ్బా అది. వదిన నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగిపోయింది.

నేను తింటూనే ఉన్నాను. ఎంత తిన్నానో తెలియదు. పెద్దమ్మ నా పక్కనే కూర్చుని చూస్తూ, ఎవరితోనో అన్నట్టు అంది.

"బిడ్డకి బాగ ఆకలయిండాది."

తొమ్మిదేళ్ళప్పుడు విన్న మాటే. కానీ ఈసారి దాని ముందు పాపం లేదు. ఆమె గొంతులో ఉన్నది సంతోషం, తన వంటింట్లో తన పిల్ల కడుపునిండా తింటోందన్న సంతోషం. ఇంకో గరిటె అన్నం పెట్టింది. నేను ఏడ్చాను. ముద్ద నోట్లో పెట్టుకునే ఏడ్చాను. ఆమె ఏమీ అడగలేదు, నెయ్యి గిన్నె దగ్గరికి జరిపింది. నలభై ఏళ్ళ క్రితం మింగలేకపోయిన ఆ ముద్ద అక్కడ దిగింది.

బయల్దేరేటప్పుడు ఒడి పట్టమంది. నేను వేసుకున్నది చుడీదారు. "సున్నీ పట్టు," అంది. చున్నీ చాపితే అందులో గుప్పెళ్ళతో బియ్యం, ఒక కొబ్బరికాయ, పసుపు కొమ్ములు, ఆకులు వక్కలు పోసి తనే ముడి వేసింది. అమ్మ పోయాక నా ఒడి నింపినవాళ్ళు లేరు. అన్న బస్టాండు దాకా వచ్చి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, బస్సు కదిలేదాకా ఎండలో నిలబడ్డాడు. సోమవారం అంత వాగిన మనిషి దారి పొడుగునా ఒక్క మాటా మాట్లాడలేదు. చెల్లెలి ముందు పెద్దరికం అలాగే ఉండాలేమో.

వచ్చే ముందు నేను తిన్న కంచం నేనే కడిగాను. పెద్దమ్మ దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పలేదు. "నీది నువ్వు పెట్టుకో, పెట్టినకాడే ఉంటుంది," అంది. కిటికీ పక్క అరలో, వాళ్ళ మూడు కంచాల పక్కన నాలుగోదిగా నిలబెట్టాను.

గుంటూరు వచ్చి ఆ బియ్యం వండి మా ఆయనకి పెట్టి జరిగిందంతా చెప్పాను. ఆయన మొత్తం విని, "కొబ్బరికాయ పెద్దదే," అన్నాడు.

వాళ్ళకి తెలుగు చదవడం రాదు, నాకు తమిళం రాదు. అందుకని ఫోనులో రాతలు లేవు, గొంతులే. వారానికోసారి పెద్దమ్మ గొంతు వస్తుంది. తిన్నావా, ఏం వండినావు, ఎప్పుడు వస్తావు, ఈ మూడే. వెనకాల వదిన ఏదో అంటుంది, అన్న దగ్గుతాడు.

మొన్న ఆదివారం మా ఇద్దరికీ పోట్లాట వచ్చింది. కారణం చెప్పుకోదగ్గది కాదు, తడి తువ్వాలు మంచం మీద వెయ్యడం. మాటా మాటా పెరిగింది. ఆయన చెయ్యి ఊపుతూ "అయితే మీ..." అని ఎప్పటిలాగే ఆగిపోయాడు. వంటింటి వైపు ఒక అడుగు కూడా వేశాడు. నేను చూస్తున్నాను. ఆయన ఆగి, వెనక్కి తిరిగి, మూడేళ్ళుగా మింగుతున్న మాట పూర్తిగా అనేశాడు.

"అయితే మీ పుట్టింటికి పో."

నాకు ఎంత హాయిగా అనిపించిందో ఏ భార్యకి చెప్పినా నమ్మదు. "పోతాను. పోదనూరు రైలు గురువారం ఉంది," అన్నాను ఫోను తీసి చూస్తూ.

ఆయన తువ్వాలు తీసి తీగ మీద ఆరేసి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి, "తీసుకురావడానికి నేను శనివారం బయల్దేరాలన్నమాట. అక్కడ పులుసు పెడతారా?" అని అడిగాడు.

పెడతారన్నాను. సంచి సర్దడం మొదలుపెట్టి, అందులోంచి అటుకుల పొట్లం తీసి వంటింటి డబ్బాలో పోసేశాను.